జీమ్యాట్ పరీక్షా కేంద్రానికి వెళ్లే రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీఏ అడ్మిషన్ల కోసం జీమ్యాట్‌ను పియర్సన్ వ్యూ అనే సంస్థ నడిపే పరీక్షా కేంద్రంలో రాయబోయే వారికి ఈ పేజీ. సిలబస్, ప్రిపరేషన్ సంగతులు ఇక్కడ లేవు. నెలల తరబడి చదివినవాళ్లు కూడా పరీక్ష రోజు చిన్న విషయాల దగ్గరే దెబ్బతింటారు. పాస్‌పోర్టులో పేరు ఒకలా, రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా ఉంటుంది. విరామంలో ఫోన్ చేతిలోకి తీసుకుంటారు. మార్కర్‌తో రాయడం అలవాటు లేక చివరి పది నిమిషాలు తడబడతారు. ఇవన్నీ ముందే సరిచేసుకోదగ్గవే.

ఇప్పుడున్న పరీక్ష ఎంతసేపు? మొత్తం ఎంత సమయం కేటాయించుకోవాలి?

2023 నవంబరులో ఫోకస్ ఎడిషన్‌గా మొదలైన పరీక్షే ఇప్పుడు జీమ్యాట్. పాతది 2024 జనవరి 31తో ఆగిపోయింది. కాబట్టి అన్నయ్యో, ఆఫీసులో సీనియరో చెప్పే మూడున్నర గంటల పరీక్ష, ఎస్సే, సెంటెన్స్ కరెక్షన్ కబుర్లు ఇప్పుడు పనికిరావు.

ఇప్పుడు మూడు సెక్షన్లు. క్వాంట్‌ (లెక్కలు)లో 21 ప్రశ్నలు, వెర్బల్‌ (ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, తర్కం)లో 23, డేటా ఇన్‌సైట్స్‌ (పట్టికలు, గ్రాఫుల్లోని సమాచార విశ్లేషణ)లో 20. ఒక్కోదానికి 45 నిమిషాలు. మొత్తం 64 ప్రశ్నలు, రెండుంపావు గంటలు. కావాలంటే 10 నిమిషాల విరామం ఒక్కసారి తీసుకోవచ్చు. ముందు జరిగే తనిఖీ, చివర సామాను తీసుకుని బయటపడటం కలుపుకుని మూడున్నర గంటలు పక్కన పెట్టుకోండి. ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్ పెట్టుకోవద్దు. పరీక్ష రాస్తూ గడియారం చూసుకోవడమే చాలు, ఇంకో గడియారం తలలో తిరగకూడదు.

ఏ గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి? ఆధార్ సరిపోతుందా?

సరిపోదు. భారత పౌరులు మన దేశంలోని కేంద్రంలో రాయాలంటే పాస్‌పోర్టే కావాలి. ఒరిజినల్ పుస్తకం, గడువు తీరనిది, ఫోటో, పేరు స్పష్టంగా కనిపించేది. జిరాక్సు, ఫోన్‌లో ఫోటో, డిజీలాకర్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు ఏవీ చెల్లవు. అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉంటూ అక్కడి కేంద్రంలో రాసే మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది: సొంత దేశం కాని చోట రాస్తే పాస్‌పోర్టు తప్పనిసరి.

పాస్‌పోర్టు లేకపోతే పరీక్ష తేదీ కంటే ముందు ఆ పని చూడండి. మామూలు దరఖాస్తులో పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే ఎక్కువ ఆలస్యం అవుతుంది. ముఖ్యంగా ఆధార్‌లో ఊరి చిరునామా ఉండి, మీరు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటే కానిస్టేబుల్ వచ్చే రోజుకి మీరు అక్కడ దొరకరు. పుస్తకం చేతికొచ్చాకే పరీక్ష బుక్ చేయండి. వస్తుందన్న నమ్మకంతో ముందే డబ్బు కట్టవద్దు. ఉన్న పాస్‌పోర్టు గడువు చివరికొచ్చినా, పేజీలు తడిసి ఊడిపోయేలా ఉన్నా అదే పద్ధతి.

నా పేరు పదో తరగతి మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఏది రాయాలి?

పాస్‌పోర్టులో ఉన్నదే. అక్షరం అక్షరం అలాగే. తెలుగువాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా చిక్కు వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మెమోలో 'కె సాయి కిరణ్' అని ఉంటుంది. పాస్‌పోర్టుకి వచ్చేసరికి ఆ 'కె' పూర్తి ఇంటిపేరుగా మారి సర్‌నేమ్ గడిలోకి వెళుతుంది, 'సాయి కిరణ్' గివెన్ నేమ్ అవుతుంది. జీమ్యాట్ అధికారిక సైటు ఎంబీఏ.కామ్‌లో ఖాతా తెరిచేటప్పుడు అలవాటు కొద్దీ చాలామంది పొడి అక్షరంతోనే రాసేస్తారు, లేదా ఫేస్‌బుక్‌లో వాడే పేరు పెట్టేస్తారు. కేంద్రంలో ఉద్యోగి తన తెర మీద పేరునీ, పాస్‌పోర్టునీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా ఉంటే లోపలికి పంపకుండా ఆపే అధికారం ఆయనకుంది. ఫీజు వెనక్కి రాదు. అక్కడికక్కడ పేరు దిద్దే వీలు ఆ ఉద్యోగికి ఉండదు, బతిమాలినా లాభం లేదు.

రెండో చిక్కు, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉండటం. ఇలాంటి పాస్‌పోర్టులు మన దగ్గర చాలా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఫారం మాత్రం రెండు గడులూ అడుగుతుంది. సొంతంగా విడగొట్టేసి, ఏదో ఒకటి నింపేసి వదిలేయకండి. బుక్ చేయక ముందే జీమ్యాక్ (జీమ్యాట్ పరీక్ష సొంతదారు సంస్థ) కస్టమర్ కేర్‌కి మెయిల్ రాసి, పాస్‌పోర్టులో ఉన్న తీరు చెప్పి, ఎలా నమోదు చేయాలో వాళ్ల చేతే రాయించుకోండి.

మూడోది పెళ్లి తర్వాత పేరు మారినవాళ్లది. ఖాతా పాత పేరుతో, పాస్‌పోర్టు కొత్త పేరుతో ఉంటే కస్టమర్ కేర్ ద్వారా ముందే మార్పించుకోవాలి. పుట్టిన తేదీని కూడా ఇదే ఊపులో ఒకసారి సరిచూడండి. మెమోలో ఒక తేదీ, అసలు తేదీ ఇంకొకటి ఉన్నవాళ్లు పాస్‌పోర్టులోదే ఇవ్వాలి.

పరీక్ష తేదీ ఎలా ఎంచుకోవాలి?

చివరి నుంచి వెనక్కి లెక్కేయండి. ఒకసారి రాశాక మళ్లీ రాయాలంటే 16 రోజులు ఆగాలి. పన్నెండు నెలల వ్యవధిలో అయిదుసార్లకు మించి కుదరదు. అధికారిక స్కోరు మామూలుగా మూడు నుంచి అయిదు పనిదినాల్లో వస్తుంది కానీ ఇరవై రోజుల దాకా పట్టే అవకాశం ఉంది. మీరు దరఖాస్తు పెట్టబోయే కాలేజీ రెండో రౌండ్ (రెండో విడత దరఖాస్తుల గడువు) జనవరి మొదటి వారంలో ముగుస్తుందనుకుందాం. మొదటి ప్రయత్నం అక్టోబరు చివర్లో పెట్టుకుంటే, అవసరమైతే నవంబరు నెలాఖరులో ఇంకోసారి రాసి, డిసెంబరంతా కాలేజీ దరఖాస్తులో అడిగే ఎస్సేలకు వదిలేయొచ్చు. డిసెంబరు చివర్లో మొదటిసారి రాసేవాళ్లకు రెండో అవకాశం ఉండదు. ఆ ఒత్తిడి మార్కుల మీద పడుతుంది.

హైదరాబాద్‌లో రాసేవాళ్లు క్యాలెండర్‌లో పండగలు కూడా చూసుకోవాలి. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల, సిటీ మధ్యలో ట్రాఫిక్ మళ్లింపులుంటాయి. బోనాల ఆదివారాలు, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజులు కూడా దారిని బట్టి ఇబ్బందే.

సమయం విషయంలో మా సలహా ఒక్కటే: మాక్ టెస్టులు మీరు ఏ వేళ రాస్తున్నారో ఆ వేళకే బుక్ చేయండి. రాత్రి పదింటికి మాక్‌లు రాసి, అసలు పరీక్ష ఉదయం ఎనిమిదింటికి పెట్టుకుంటే బుర్ర మేల్కొనేసరికి మొదటి సెక్షన్ సగం అయిపోతుంది. ఆఫీసు వల్ల రాత్రే కుదురుతుందంటే, చివరి రెండు మాక్‌లన్నా సెలవు రోజున అసలు వేళకి రాయండి.

విజయవాడ నుంచో, విశాఖ నుంచో హైదరాబాద్ వచ్చి రాయాలి. రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగితే చాలదా?

వద్దు. విజయవాడ నుంచి 275 కిలోమీటర్ల దారి, విశాఖ నుంచి అంతకు రెండింతలు పైనే. బస్సు ఆలస్యమయ్యే సంగతి అటుంచి, స్లీపర్ బస్సులో పట్టిన నిద్రతో డేటా ఇన్‌సైట్స్ పట్టికలు చదవడం కష్టం. ముందురోజు మధ్యాహ్నానికి దిగండి. కేంద్రానికి దగ్గర్లోనే గది తీసుకోండి. కూకట్‌పల్లిలో బంధువులుండొచ్చు, వాళ్లు ప్రేమగా రమ్మనొచ్చు, కానీ కేంద్రం ఊరికి ఇంకో కొసన ఉంటే ఆ రాత్రికి లాడ్జే నయం. పరీక్షయ్యాక భోజనానికి వెళ్లొచ్చు.

ముందురోజు సాయంత్రం ఒకసారి కేంద్రం దాకా వెళ్లి రండి. కన్ఫర్మేషన్ మెయిల్‌లోని చిరునామాని మ్యాప్‌లో కొట్టి ఊరుకోవద్దు. పెద్ద కాంప్లెక్సుల్లో ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఎటువైపు, ఆదివారం ముందు గేటు తెరుస్తారా లేదా అన్నవి అక్కడికి వెళితేనే తెలుస్తాయి. హైదరాబాద్‌లో మెట్రో దగ్గరైతే అదే నమ్మకం. కానీ మీ వేళకి సరిపోయే మొదటి రైలు ఎన్నింటికో ముందే చూడండి.

ఎంత ముందు చేరాలి? ఆలస్యమైతే?

అపాయింట్‌మెంట్‌కి 30 నిమిషాల ముందు లోపల ఉండాలి. 15 నిమిషాలకు మించి ఆలస్యమైతే రాయనివ్వకపోవచ్చు, ఫీజు కూడా పోతుంది. 30 నిమిషాలంటే ఆటో దిగే సమయం కాదు, రిసెప్షన్ ముందు నిలబడే సమయం. భవనం దగ్గరికి 45 నిమిషాల ముందే చేరేలా బయల్దేరండి.

ఆ ఉదయం ఏం తినాలి?

రోజూ తినేదే. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, ఏది మీ పొట్టకి అలవాటో అది, గంటన్నర ముందు. కొత్తగా ప్రొటీన్ బార్లు, ఎనర్జీ డ్రింకులు ఆ రోజే మొదలుపెట్టకండి. మధ్యాహ్నం పరీక్ష అయితే బిర్యానీ, పప్పన్నం కడుపునిండా తిన్నాక కునుకు తప్పదు, పలచగా ముగించండి. కాఫీ రోజూ ఒకటి తాగేవాళ్లు ఒకటే తాగాలి. రెండో కప్పు వల్ల చురుకు పెరుగుతుందో లేదో కానీ 45 నిమిషాల సెక్షన్ మధ్యలో బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుంది, గడియారం ఆగదు.

కేంద్రంలోకి వెళ్లగానే ఏం జరుగుతుంది?

పాస్‌పోర్టు చూస్తారు. నియమాల కాగితం చదవమంటారు. ఫోటో తీస్తారు, డిజిటల్ ప్యాడ్ మీద సంతకం చేయిస్తారు, అరచేతి రక్తనాళాల స్కాన్ తీసుకుంటారు. ఈ స్కాన్ వేలిముద్ర కాదు. అరచేతిని పరికరం మీద చదునుగా, కదలకుండా పెట్టాలి. శానిటైజరో లోషనో రాసుకుని ఉంటే తుడుచుకోండి. విరామానికి వెళ్లేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఇదే స్కాన్ ఉంటుంది.

తర్వాత లాకర్ తాళం ఇస్తారు. ఫోన్ స్విచాఫ్ చేసి అందులో పెట్టాలి. స్మార్ట్ వాచీయే కాదు, మామూలు చేతి గడియారం కూడా లోపలికి కుదరదు. పర్సు, కీచైన్, సొంత పెన్ను, చిత్తు కాగితం, నీళ్ల సీసా అన్నీ లాకర్‌లోకే. జేబులు బయటికి తిప్పి చూపించమంటారు, చొక్కా చేతులు పైకి మడవమంటారు, కళ్లజోడు తీసి చూస్తారు. ఇది అందరికీ చేసేదే, చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. జేబులు తక్కువున్న బట్టలు, తక్కువ నగలతో వెళితే ఈ తతంగం త్వరగా అయిపోతుంది.

ఏసీ చలి గురించి ఒక మాట. ఎండాకాలంలో బయట 42 డిగ్రీలున్నా లోపల చలిగా ఉండొచ్చు. స్వెటర్ తెచ్చుకుంటే వేసుకునే కూర్చోవాలి. కుర్చీకి తగిలించి, అవసరమైనప్పుడు వేసుకుంటానంటే ఒప్పుకోరు. అందుకే పలచటి ఫుల్ హ్యాండ్స్ చొక్కా మేలు.

రఫ్ వర్క్‌కి కాగితం ఇస్తారా?

కాగితం కాదు. గళ్లున్న లామినేటెడ్ షీట్లు అయిదు, రెండు వైపులా రాసుకునేలా స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. అంటే పది పేజీలు. దానితో నల్ల మార్కర్. రాసింది వేలితో తుడిస్తే పోదు, మరకై మిగులుతుంది. కాబట్టి తుడిచి మళ్లీ రాసుకుందామన్న ఆలోచన మానండి. నిండితే చెయ్యెత్తి కొత్తది అడగాలి, పాతది తీసుకుని ఇంకొకటిస్తారు. అది వచ్చే వరకు మీ గడియారం నడుస్తూనే ఉంటుంది. అందుకే ఒక సెక్షన్ అయ్యి విరామానికి లేచినప్పుడు మార్పించుకోవడం తెలివైన పని. ఎనిమిదో పేజీకి వచ్చేసరికే చెయ్యెత్తండి, పదో పేజీ చివరి దాకా ఆగకండి.

మార్కర్ మొన బాల్‌పెన్నులా సన్నగా ఉండదు. దానితో మామూలు చేతిరాత రాస్తే అంకెలు ఒకదాని మీద ఒకటి పడి 1, 7 కలిసిపోతాయి. సరైన పద్ధతి తెలిసి కూడా జవాబు తప్పు పెట్టడానికి ఇది పెద్ద కారణం. ఇంట్లో చివరి మూడు వారాలు లామినేషన్ చేయించిన గళ్ల షీట్ల మీద, మార్కర్‌తోనే లెక్కలు చేయండి. దగ్గర్లోని జిరాక్సు షాపులో పని అయిపోతుంది. అక్కడ కూర్చున్న వెంటనే మార్కర్‌తో ఒక గీత గీసి చూడండి. ఎండిపోయి ఉంటే పరీక్ష మొదలవక ముందే మార్పించుకోవచ్చు. ఆలోచించేటప్పుడు మూత పెట్టకుండా వదిలేస్తే మంచి మార్కర్ కూడా ఎండిపోతుంది.

క్యాలిక్యులేటర్ తెర మీద వస్తుంది, కానీ డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే. క్వాంట్‌లో ఉండదు.

ఏ సెక్షన్ ముందు రాయాలి?

మూడింటినీ ఏ వరుసలోనైనా రాయొచ్చు, తెర మీద ఎంచుకోమంటుంది. ఎంచుకోవడానికి ఇచ్చే సమయం కొద్దిదే, అందుకే ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. ఒకే వరుసలో కనీసం మూడు మాక్‌లు రాసి ఉండాలి. మా అభిప్రాయంలో, ఎక్కువ చదవాల్సిన, ఎక్కువ అలసట తెచ్చే సెక్షన్ చివరికి వదలకూడదు. ఇంజినీరింగ్ చదివి క్వాంట్ మీద ధీమా ఉన్నవాళ్లకు వెర్బల్ మొదట, డేటా ఇన్‌సైట్స్ రెండోది, క్వాంట్ చివర అనే వరుస బాగా నప్పుతుంది. ఎదురుగా తెర చూడగానే కంగారుపడే స్వభావం ఉంటే మాత్రం బాగా వచ్చిన దానితోనే మొదలుపెట్టండి.

విరామం తీసుకోవాలా? ఎప్పుడు?

తీసుకోండి. మొదటి సెక్షన్ తర్వాతైనా, రెండోదాని తర్వాతైనా ఒక్కసారే. ఎక్కువమందికి రెండోదాని తర్వాత బాగుంటుంది, అప్పటికి గంటన్నర కూర్చుని ఉంటారు.

10 నిమిషాలన్నది పేరుకే. చెయ్యెత్తడం, అరచేతి స్కాన్, లాకర్, బాత్రూమ్, మళ్లీ స్కాన్, తనిఖీ, కుర్చీ. చేతిలో మిగిలేది అయిదారు నిమిషాలే. పది దాటితే ఆ దాటిన సమయం తర్వాతి సెక్షన్‌లోంచి కోసేస్తుంది. అందుకని ఏడో నిమిషానికల్లా గది తలుపు దగ్గర ఉండండి. చేతికి గడియారం ఉండదు కాబట్టి లేచేముందు తెర మీద సమయం చూసుకోండి, రిసెప్షన్‌లో గోడ గడియారం ఎక్కడుందో వచ్చినప్పుడే గమనించండి.

లాకర్‌లో తొక్క తేలిగ్గా వచ్చే అరటిపండు, ఒక పల్లీ పట్టీ, చిన్న నీళ్ల సీసా పైనే పెట్టుకోండి. బ్యాగులో వెతుక్కునే పని ఉండకూడదు. ఫోన్‌ని ముట్టుకోవద్దు. టైమ్ చూద్దామని ఆన్ చేసినా నియమం తప్పినట్టే, పరీక్ష రద్దయ్యే దాకా పోవచ్చు. నోట్స్, పుస్తకం తెరవడం కూడా అంతే. ఆ సంచిలో అవేవీ లేకుండా వెళ్లడమే మంచిది. పక్కవాళ్లతో ప్రశ్నల గురించి మాట్లాడకండి.

సమయం ఎలా పంచుకోవాలి?

క్వాంట్‌లో ప్రశ్నకు సుమారు 2 నిమిషాల 9 సెకన్లు, వెర్బల్‌లో 1 నిమిషం 57 సెకన్లు, డేటా ఇన్‌సైట్స్‌లో 2 నిమిషాల 15 సెకన్లు వస్తాయి. ప్రతి ప్రశ్నకీ ఈ లెక్క చూసుకుంటే పిచ్చెక్కుతుంది. మైలురాళ్లు చాలు. క్వాంట్‌లో 7 ప్రశ్నలయ్యాక 30 నిమిషాలు, 14 అయ్యాక 15 నిమిషాలు మిగలాలి. వెర్బల్‌లో 8 అయ్యేసరికి 29 నిమిషాలు. డేటా ఇన్‌సైట్స్‌లో 10 అయ్యేసరికి 22 నిమిషాలు, అయితే మధ్యలో పెద్ద మల్టీ సోర్స్ సెట్ (రెండు మూడు చోట్ల ఇచ్చిన సమాచారం చదివి జవాబివ్వాల్సిన ప్రశ్నల గుంపు) పడితే ఈ లెక్క కాస్త వెనకబడినా భయపడొద్దు.

జవాబు ఇవ్వకుండా ముందుకు వెళ్లే వీలు లేదు. అనుమానమున్న ప్రశ్నను బుక్‌మార్క్ చేసుకుని వెళ్లొచ్చు. సెక్షన్‌లోని ప్రశ్నలన్నీ అయ్యాక సమయం మిగిలితేనే రివ్యూ తెర వస్తుంది. అక్కడ ఎన్ని ప్రశ్నలైనా చూడొచ్చు కానీ మూడింటి జవాబులే మార్చగలరు. కనుక బుక్‌మార్కులు పది పెట్టుకుని ప్రయోజనం లేదు, నాలుగు చాలు. లెక్కలో ఎక్కడో జారాననిపించినవి పెట్టండి. అసలు అర్థం కాని ప్రశ్నను రెండోసారి చూసినా అర్థం కాదు. చివర్లో ప్రశ్నలు వదిలేస్తే మార్కులు గట్టిగా తగ్గుతాయి, ఒక్క నిమిషమే ఉన్నా ఊహించి అయినా అన్నీ పూర్తి చేయండి.

కంప్యూటర్ ఆగిపోతే? పక్కన గోల ఉంటే?

వెంటనే చెయ్యెత్తండి. సొంతంగా ఏ బటనూ నొక్కకండి. సిబ్బంది సిస్టమ్ సరిచేశాక మీ సమయం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైందో లేదో చూసుకోండి. కేంద్రం వదిలే ముందు జరిగినది నమోదు చేయించి, కేస్ నంబర్ అడిగి తీసుకోండి. అదే రోజు జీమ్యాక్‌కి మెయిల్ రాయండి. స్కోరు చూసి, బాగా రాలేదని నాలుగు రోజుల తర్వాత రాసే ఫిర్యాదుకు బలం ఉండదు. గోలకైతే శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు ఉంటాయి, కూర్చోగానే పెట్టుకు చూడండి.

జ్వరం వచ్చింది. తేదీ మార్చుకోవచ్చా?

అపాయింట్‌మెంట్‌కి 24 గంటల ముందు దాకా మార్చుకోవచ్చు. 60 రోజులకు మించి ఉంటే మార్పు రుసుము తక్కువ, 15 నుంచి 60 రోజుల మధ్య ఎక్కువ, ఆఖరి రెండు వారాల్లో ఇంకా ఎక్కువ. 24 గంటల లోపు ఏమీ చేయలేరు, వెళ్లకపోతే మొత్తం పోయినట్టే. ముందురోజు పొద్దున ఒళ్లు వెచ్చబడితే సాయంత్రం దాకా చూద్దామని ఆగొద్దు.

స్కోరు ఎప్పుడు తెలుస్తుంది? తక్కువొస్తే కాలేజీకి తెలిసిపోతుందా?

చివరి సెక్షన్ అవగానే అనధికారిక స్కోరు తెర మీద కనిపిస్తుంది. మొత్తం 205 నుంచి 805 మధ్య, చివరి అంకె ఎప్పుడూ 5. సెక్షన్లకు 60 నుంచి 90. మార్కర్ షీట్లు అక్కడే ఇచ్చేయాలి కాబట్టి మొత్తం స్కోరు, మూడు సెక్షన్ల స్కోర్లు, నాలుగింటినీ గుర్తుపెట్టుకుని బయటకు రండి. పాత పరీక్ష 800 కొలమానంతో ఈ అంకెల్ని పోల్చకండి, రెండూ వేరు. అప్పటి 700కీ ఇప్పటి 705కీ అర్థం ఒకటి కాదు, పర్సంటైల్ చూడాలి.

మీరు పంపితేనే కాలేజీకి తెలుస్తుంది. అధికారిక స్కోరు ఖాతాలోకి వచ్చాక 48 గంటల్లోపు అయిదు ప్రోగ్రాములకు ఉచితంగా పంపొచ్చు. మెయిల్ వచ్చిన రోజు ప్రయాణంలో ఉంటే ఆ గడువు తెలియకుండానే దాటిపోతుంది. పరీక్ష అయిన మర్నాటి నుంచే ఎంబీఏ.కామ్ మెయిళ్లకి ఫోన్‌లో అలర్ట్ పెట్టుకోండి, స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది.